మోకాలికి మందు బరువే

మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ ఏసీఎల్. అది తెగి ఆపరేషన్ అయ్యాక చూడ్డానికొచ్చే చుట్టాలు ముందు "కుట్లు తీశారా?" అంటారు. ఆ వెంటనే "మళ్లీ జిమ్ముకి వెళ్తావా ఏంటి?" అని కంగారుపడతారు. నొప్పి పూర్తిగా పోయేదాకా రెస్ట్ తీసుకోవాలన్నది అందరి సలహా. మోకాలిని రెండోసారి ముంచేది ఆ సలహానే.

ఆపరేషనైన ఆరో వారంలో మా ఫిజియో టేపు తీసి, చిప్పకు జానెడు పైన నా రెండు తొడలూ కొలిచింది. ఎడమది 3 సెంటీమీటర్లు తక్కువ. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కమంది. పళ్లు బిగించి నొక్కుతున్నా కండ కదిలితే ఒట్టు! వాచిన కీలు తొడ ముందు కండరానికి వెళ్లే సంకేతాన్నే అణిచేస్తుందట. పడుకుంటే వాపు తీస్తుందేమో కానీ, పోయిన కండ రాదు. దానికి బరువు ఎత్తాల్సిందే.

కొత్త లిగమెంట్ తెగుతుందన్న భయం ఉత్తదేం కాదు. తెగినదాని చోట అమర్చిన ఆ గ్రాఫ్ట్ మొదటి నెలల్లో గట్టిపడే ముందు ఇంకా బలహీనపడుతుంది. అందుకే తొలి వారాల్లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద కాలు పూర్తిగా చాపి బరువులెత్తొద్దంటారు. సరే. అది మోతాదు చూసుకోమనడమే కదా, మందే మానేయమనడం కాదు. తెల్లారి మోకాలు నిన్నటికన్నా ఉబ్బకపోతే స్క్వాట్‌కి రెండున్నర కిలోలు కలిపేవాణ్ని, ఉబ్బితే తగ్గించేవాణ్ని.

ఇంకో మూఢనమ్మకం క్యాలెండర్. "ఆర్నెల్లయింది, ఇక ఆడుకో" అనేస్తారు. నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో లెక్క చెప్పారు. తొడ బలం, ఒంటికాలి గెంతుల్లాంటి పరీక్షల్లో (మంచి కాలితో పోలిస్తే) 90 శాతం దాటకుండా ఆటకు వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి మోకాలు మళ్లీ దెబ్బతింది. దాటి వెళ్లినవాళ్లలో 5.6 శాతం మందికే. తొమ్మిది నెలల వరకు ఆగిన ప్రతి నెలకూ ముప్పు దాదాపు సగం తగ్గింది.

గోపీచంద్ 1994లో మోకాలు దెబ్బతిని 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడని కథలా చెప్పుకుంటాం. మధ్యలో ఏడేళ్లు ఎవరికీ పట్టవు. మన ఇన్సూరెన్స్ కంపెనీలకైతే అసలే పట్టవు. ఆపరేషన్‌కు లక్షలిచ్చే పాలసీల్లో చాలావాటికి, డిశ్చార్జయిన 60 రోజులో 90 రోజులో దాటితే ఫిజియోథెరపీతో సంబంధం లేదు. తొమ్మిది నెలల పనికి మూడు నెలల డబ్బన్నమాట! కత్తి పెట్టిన చోటే వైద్యం అయిపోయిందనుకునే దేశం మనది. నడిపించేవాళ్లకు విలువ లేదు.

నా పక్క బల్ల మీద ఒక కబడ్డీ కుర్రాడు వ్యాయామం చేసేవాడు. మూడో నెల దాటాక రావడం మానేశాడు. ఫిజియో ఫోన్ చేస్తే, "పర్లేదు మేడమ్, నొప్పి లేదు, కూతకు వెళ్తున్నా" అన్నాడట.