పైన కూడా ఇవ్వాలమ్మా

ఇందాకే ఇంటికొచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి. ఇది రాయకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

నాన్న పోయి నలభై రోజులైంది. ఆయన రిటైర్డ్ టీచర్. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలి. డెత్ సర్టిఫికెట్, పీపీఓ (నాన్న పెన్షన్ ఉత్తర్వు), అమ్మ ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకుని పెన్షన్ ఆఫీసుకి వెళ్లడం ఇది మూడోసారి. మొదటిసారి సీట్లో మనిషి లేడు. రెండోసారి సర్వర్ డౌన్ అన్నారు. ఈరోజు గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి, అమ్మ పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, పీపీఓలో ఒకలా ఉందని ఫైలు పక్కన పెట్టాడు. అఫిడవిట్ కావాలంటే రేపే తెస్తాను సార్ అన్నాను. "అఫిడవిట్ తెచ్చినా టైం పడుతుంది మేడం. అదంతా నేను చూసుకుంటాలెండి. మూడు వేలు అవుతుంది. నా ఒక్కడికే కాదు, పైన కూడా ఇవ్వాలమ్మా" అన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు. పక్క సీట్లవాళ్లు తలెత్తి చూడలేదు.

దానికన్నా నా వెనక నిలబడ్డ పెద్దాయన మాట ఎక్కువ గుచ్చుకుంది. "ఇచ్చెయ్యమ్మా, ఎక్కడైనా మామూలే కదా" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. ఆయన చేతిలోనూ ఒక ఫైలుంది. ఎన్నిసార్లు తిరిగాడో.

మామూలు. లంచానికి మనం పెట్టుకున్న పేరే అది. వారం మామూలు, నెల మామూలు. జేబు కొట్టేసేవాణ్ని దొంగ అంటాం. కుర్చీలో కూర్చుని కొట్టేసేదాన్ని మాత్రం మామూలు అంటాం. మా ఇంట్లో మనిషి చచ్చిపోతే, ఆయన భార్యకు హక్కుగా రావలసిన పెన్షన్ మీద మూడు వేలు అడగడం ఏ లెక్కన మామూలు?

ఈ గుమాస్తాను నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. కానీ దారి పొడుగునా ఆ "పైన" అన్న మాటే నా చెవిలో మోగుతోంది. పైన అంటే ఎంత పైన? ఆ కుర్చీ అతనికి ఎలా వచ్చింది? బదిలీల సీజన్లో ఎమ్మెల్యే లెటర్ లేకుండా మంచి సీటు రాదని ఆఫీసుల్లో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. ఆ ఎమ్మెల్యే ఎన్నికల్లో ఎంత పెట్టి గెలిచాడు? చట్టం ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. ఇది చదువుతున్న మీలో ఒక్కరైనా ఆ లెక్క నమ్ముతారా? పెట్టిన కోట్లు తిరిగి రాబట్టుకోవాలి కదా. రాబట్టేది మా అమ్మ పెన్షన్ ఫైలు దగ్గర, ఆ పెద్దాయన ఫైలు దగ్గర.

ఏసీబీకి ఫోన్ చెయ్యమంటారు. 1064. నంబరు నాకూ తెలుసు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు, తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు మారతాయి, ఫొటో పేపర్లో వస్తుంది. మంచిదే, పట్టుకోవాలి. కానీ ఎన్నేళ్లుగా చూస్తున్నాం ఈ ఫొటోలు? అన్నీ వీఆర్వోలు, సర్వేయర్లు, జూనియర్ అసిస్టెంట్లు. నోటు చేత్తో ముట్టుకునే అవసరం లేనివాడి వేళ్లు ఏ నీళ్లలో ముంచుతారు?

ఇది నా ఏడుపు మాత్రమే కాదు, చట్టమే అలా రాసుకున్నారు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించి 17ఏ అనే సెక్షన్ చేర్చారు. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయం మీదా, చేసిన సిఫార్సు మీదా ఆరోపణ వస్తే, పై నుంచి ముందస్తు అనుమతి లేనిదే పోలీసులు కనీసం విచారణ కూడా మొదలుపెట్టకూడదు. లంచం తీసుకుంటూ అక్కడికక్కడే దొరికినవాణ్ని పట్టుకోవడానికి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. బల్ల కింద చేతికి ఒక న్యాయం, బల్ల మీద సంతకానికి ఇంకో న్యాయం. వేల కోట్ల కాంట్రాక్టు ఏ చేత్తో ఇస్తారు? సంతకంతోనే కదా!

అదే సవరణలో లంచం ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల వరకు జైలు పెట్టారు. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. ఎవరి మీద? ఫైలు ఇంకా ఎవరి బల్ల మీద ఉందో అతని మీదే. భర్త పోయిన డెబ్బై ఏళ్ల మనిషి ఈ పని చేస్తుందని ఢిల్లీలో కూర్చుని ఎలా అనుకున్నారు?

ఇంకో సంగతి గుర్తొస్తే కడుపు మండుతోంది. ఆ 2018లోనే, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇచ్చే ఎలక్టోరల్ బాండ్ల అమ్మకం మొదలైంది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియకూడదన్నారు. అంతకు ముందు ఏడాదే, మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి కంపెనీలు విరాళం ఇవ్వకూడదన్న హద్దు ఎత్తేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా అప్పట్లో ఎంతైనా ఇవ్వగలిగేది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సంతోషమే. కానీ ఈలోపు ఆ డబ్బుతో ఎన్ని ఎన్నికలు జరిగిపోయాయి? మా అమ్మ పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని ఫైలు ఆపేశారు. అక్కడ ఇచ్చినవాడి పేరే అక్కర్లేదన్నారు.

ఇది ఏ పార్టీ హయాంలో అని అడిగేవాళ్లు దయచేసి నా దగ్గరికి రావద్దు. దాదాపు పెద్ద పార్టీలన్నీ ఆ బాండ్లు తీసుకున్నాయి.

నాన్న హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పార్లమెంటు, రాజ్యాంగం అంటే ఆయనకు ప్రాణం. ఆయన కోపంతో పేపర్ విసిరికొట్టడం నా జన్మలో ఒక్కసారే చూశాను, 1998లో. 1993లో అవిశ్వాస తీర్మానం మీద ఓటింగులో కొందరు ఎంపీలు డబ్బు తీసుకున్నారన్న కేసులో సుప్రీంకోర్టు తీర్పు పేపర్లో వచ్చిన రోజది. డబ్బు తీసుకుని సభలో ఓటేసినవాళ్ల మీద కేసు నడవదని ముగ్గురు జడ్జీలు అన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. అదే తీర్పు ప్రకారం, డబ్బు తీసుకుని ఓటెయ్యకుండా ఊరుకున్నవాడికి మాత్రం రక్షణ లేదు. "రేపు పిల్లలకు ఏం చెప్పను?" అన్నారు నాన్న. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు ఆ తీర్పును కొట్టేసినప్పుడు ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇరవై ఆరేళ్లా!" అన్నారంతే.

ఆ మనిషి రిటైరైనప్పుడు గ్రాట్యుటీ ఫైలు పదకొండు నెలలు కదల్లేదు. ఇదే మాట, "పైన కూడా ఇవ్వాలి మాస్టారూ". ఇవ్వలేదు. అక్క పెళ్లికి అప్పు చేశారు, వడ్డీ కట్టారు కానీ ఆ డబ్బు ఇవ్వలేదు. అప్పుడు చాదస్తమని విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ విసుగు ఇవాళ గుర్తొచ్చి ఆఫీసు మెట్ల మీద ఏడ్చాను.

పర్సులో మూడు వేలు ఉన్నాయి. తియ్యలేదు. సరిగ్గా ఏ రూల్ ప్రకారం ఆపారో రాసివ్వండి సార్ అన్నాను. అతను నవ్వి, "మీ ఇష్టం మేడం" అని ఫైలు కింద అరలో పెట్టాడు.

అమ్మకు చెప్తే, "ఇచ్చెయ్యవే, ఎన్ని సెలవులు పెడతావు" అంది. కాసేపాగి మళ్లీ తనే, "మీ నాన్న ఇచ్చేవారు కాదు కదూ" అంది. రేపు పొద్దున తనూ వస్తానంటోంది. అఫిడవిట్‌కి స్టాంపు పేపర్ తెచ్చి పెట్టాను. పదిన్నరకి ఆ సీటు ముందు ఇద్దరం ఉంటాం.