చెట్టు ఛాతీ కొలిచి జిగురు జాతకం

పైన్ చెట్టు ఎంత రెసిన్, అంటే జిగురు, ఇస్తుందో ముందే తెలుసుకోవడం ఎలా? అడిగితే అది చెప్పదు. కాబట్టి టేపు పట్టుకుని దాని ఛాతీ కొలవాలి. వెటకారం కాదు, అటవీశాస్త్రంలో దాన్ని ఛాతీ ఎత్తు కొలత అనే అంటారు. నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర కొలుస్తారు. కొన్ని దేశాల్లో మాత్రం 1.37 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు. చెట్టుకు ఛాతీ ఎక్కడుందో ఇంకా ఒక మాటకు రాలేదు గానీ, అందులోంచి ఎంత కారుతుందో గ్రాములతో సహా చెప్పడానికి మేం సిద్ధం.

వాలు నేల మీద ఎగువ వైపు నిలబడి కొలవాలి. దిగువ నుంచి కొలిస్తే మొదలుకు దగ్గరవుతాం, చెట్టు ఉన్నపళంగా లావెక్కుతుంది, దాంతో దిగుబడి అంచనా కూడా పెరుగుతుంది. ఎరువు ఖర్చు లేదు.

ఆపైన ఎత్తు, వయసు, కొమ్మల గుబురు వెడల్పు రాసుకుని అన్నింటికీ లాగరిథమ్ తీసి, దిగుబడి అంచనా కట్టే సమీకరణంలో పెడతాం. లాగ్ తీస్తే వంకర గీత తిన్నగా అవుతుంది. మనుషుల విషయంలో ఈ సౌకర్యం లేదు.

లావు చెట్టు ఎక్కువ ఇస్తుందన్నది అబద్ధమేమీ కాదు. గుబురు పెద్దదైతే ఆకులు వండే ఆహారం ఎక్కువ, మానులో రెసిన్ నాళాలకు చోటూ ఎక్కువ. చిక్కల్లా పక్కపక్కనే ఉన్న రెండు చెట్లతో వచ్చింది. రెండూ 30 సెంటీమీటర్ల వ్యాసమే, రెండింటికీ ఒకటే అంచనా. మొదటిదానికి రెసిన్ పట్టడానికి తగిలించిన కప్పు అంచు దాకా నిండింది. రెండోదాని కప్పులో అడుగున కాస్త జిగురు, సూదుల్లాంటి రెండు పైన్ ఆకులు, ఒక చీమ. చీమ బరువు కూడా దిగుబడిలో కలిపేద్దామని ఒక సలహా వచ్చింది.

సమీకరణం తప్పయ్యే ప్రసక్తే లేదు, దాని మీద చాలా ఖర్చు పెట్టాం. ఆర్ స్క్వేర్ 0.4 వచ్చిందంటే హెచ్చుతగ్గుల్లో 40 శాతం మన లెక్కకు లొంగినట్టు. మిగతా 60 శాతం చెట్ల క్రమశిక్షణారాహిత్యం.

నిజానికి చెట్టుకు రెసిన్ వ్యాపారం లేదు. బెరడు తొలిచే పురుగును బయటికి నెట్టడానికి, గాయం మూసుకోవడానికి అది దాచుకున్న మందు. మనమేమో బెరడు చెక్కి, ధార ఆగకుండా సల్ఫ్యూరిక్ ఆమ్లం పేస్టు పూసి, కప్పు తగిలించి, 'ఇంతేనా?' అంటాం. తల్లిచెట్టు నుంచి వచ్చిన గుణం, నాళాల సంఖ్య, ఆ ఏటి ఎండ, అన్నీ కలిస్తేనే ఆ ధార. కాస్త నీటి ఎద్దడి వస్తే ఒక్కోసారి ఎక్కువే కారుతుంది: ఎదుగుదల మందగించినా ఆకులు వంట ఆపవు మరి. ఇవేవీ టేపుకు అందవు, కాబట్టి లేనట్టే.

రెండో చెట్టుకు సంజాయిషీ నోటీసు రాసి, మేకుతో మానుకే కొట్టాం. వారం తర్వాత వెళ్తే మేకు దిగిన చోటు నుంచి రెసిన్ ధారగా కారి, నోటీసులో అంచనా రాసిన గడి కనపడకుండా పోయింది. దీన్ని ఏ కాలమ్‌లో ఎక్కించాలో ఇంకా తేలలేదు.