అమ్మారు సరే, రిలీజ్ చేశారా?

అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో గానీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో గానీ పాత ఐప్యాడ్ బేరమాడేవాళ్లు గీతలు చూస్తారు, బ్యాటరీ అడుగుతారు, బిల్లూ బాక్సూ ఉన్నాయా అంటారు. తయారీదారు సర్వర్‌లో ఆ ట్యాబ్ ఇంకా ఎవరి పేరు మీద ఉందో మాత్రం ఎవరూ అడగరు. కౌంటర్ మీద చక్కగా పనిచేసిన ట్యాబ్, ఇంటికెళ్లి రీసెట్ కొట్టి వైఫై కలపగానే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని ఏదో సంస్థ పేరు చూపించి, ఆ సంస్థ లాగిన్ అడిగి ఆగిపోతుంది. అక్కడి నుంచి అది ముందుకు కదలదు, వెనక్కి తీసుకోమంటే దుకాణదారూ కదలడు.

ఈ ‘కంపెనీ లాక్’ ట్యాబ్‌లో ఉండదు. సంస్థలు ఆపిల్ దగ్గరో, అధీకృత డీలర్ దగ్గరో కొన్నప్పుడు వాటి సీరియల్ నంబర్లు ‘ఆపిల్ బిజినెస్ మేనేజర్’ ఖాతాలో చేరతాయి. ట్యాబ్‌ను తుడిచి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ అది ఆపిల్ సర్వర్‌ను అడుగుతుంది, సర్వర్ యజమాని పేరు చెబుతుంది. శాంసంగ్‌లో నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్, మిగతా ఆండ్రాయిడ్‌లో జీరో టచ్, విండోస్‌లో ఆటోపైలట్ చేసేదీ ఇదే పని. అందుకే రీసెట్ ఈ లాక్‌ను తొలగించదు సరికదా, నిద్రపోతున్నదాన్ని లేపుతుంది.

దీన్ని ఐక్లౌడ్ లాక్‌తో కలిపేసి మాట్లాడటం మార్కెట్లో మామూలే. ఐక్లౌడ్ లాక్ పాత వాడకందారు, పోయిన పరికరాన్ని వెతికే ‘ఫైండ్ మై’ సదుపాయాన్ని ఆపకుండా అమ్మితే వచ్చేది, అతని పాస్‌వర్డ్‌తో పోతుంది. ఆండ్రాయిడ్‌లో పాత గూగుల్ ఖాతా అడిగే ఎఫ్ఆర్‌పీ కూడా అలాంటిదే. వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ సంస్థ బిగించే ఈఎంఐ లాక్ ఇంకొకటి. కంపెనీ లాక్ తీయగలిగేది ఆ సంస్థ ఐటీ అడ్మిన్ ఒక్కరే.

కాబట్టి మా మొదటి ప్రశ్న దుకాణాలకు కాదు, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాలకు. పాత మాల్ లాట్లుగా అమ్మేటప్పుడు డేటా పూర్తిగా తుడిచినట్టు సర్టిఫికెట్ పట్టుబట్టి మరీ తీసుకుంటారు. అదే అడ్మిన్ తన పోర్టల్‌లో ఆ సీరియల్ నంబర్లను ఎంచుకుని, సంస్థ ఖాతా నుంచి వాటిని వదిలేసే ‘రిలీజ్’ నొక్కడం మాత్రం మరిచిపోతాడు. డేటా బయటపడితే కంపెనీకి నష్టం, రిలీజ్ మరిస్తే నష్టం ఎవరో తెలియని కొనుగోలుదారుకు. మరుపు ఎక్కడ పుడుతోందో వేరే చెప్పాలా? పరికరాలను దూరం నుంచే నడిపే ఎండీఎం (మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్) కన్సోల్ నుంచి ట్యాబ్‌ను తీసేశాం కదా అనే అడ్మిన్లూ ఉన్నారు. అది సగం పనే. బిజినెస్ మేనేజర్‌లో పేరు ఉన్నంత కాలం పట్టు ఉన్నట్టే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా కనీసం 1,000 పరికరాలు వాడిన సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారులకో, బాగుచేసి అమ్మే రీఫర్బిషర్లకో, రీసైక్లర్లకో మాత్రమే ఇవ్వాలి. ఇచ్చే ప్రతి లాట్‌తో పాటు రిలీజ్ చేసిన సీరియల్ నంబర్ల జాబితా జత చేయడం కూడా తప్పనిసరి కావాలి. లేకపోతే ఇంకా నాలుగేళ్లు నడిచే ట్యాబ్‌ను స్క్రీన్, బ్యాటరీ, కెమెరాలుగా విప్పి అమ్ముకోవడమే మిగులుతుంది. లాక్ పడిన బోర్డుకు పెద్దగా ధర రాదు.

ఆ రోజు వచ్చే దాకా కొనేవాళ్లు డబ్బిచ్చే ముందు 20 నిమిషాలు ఖర్చు పెట్టాల్సిందే. మెట్రో స్టేషన్ మెట్ల మీద 5 నిమిషాల్లో తేలిపోయే బేరాలు ఇందుకు పనికిరావు. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్ తెరవగానే పైన ‘ఈ ఐప్యాడ్ ఫలానా సంస్థ పర్యవేక్షణలో ఉంది’ అన్న వాక్యం ఉందేమో చూడాలి. జనరల్‌లో ‘వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్’ కింద ప్రొఫైల్ ఏదీ ఉండకూడదు. ఆండ్రాయిడ్‌లో పైనుంచి కిందికి లాగే క్విక్ సెట్టింగ్స్ అడుగున సంస్థ ప్రస్తావన, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా చూడాలి. అమ్మేవాడు తన ఖాతాలన్నీ తన చేత్తోనే తీసేయాలి. ఆ తర్వాత సెట్టింగ్స్ నుంచే పూర్తి రీసెట్ చేయించి, వైఫై అడిగినప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వండి. దుకాణం వైఫై వద్దు. యజమాని పేరు చెప్పే ఎన్‌రోల్‌మెంట్ సర్వర్లను అడ్డగించిన నెట్‌వర్క్‌లో లాక్ తెర రాకుండానే హోమ్ స్క్రీన్ దాకా వెళ్లిపోవచ్చు. ‘రీసెట్ తర్వాత చూసుకుందాం, సాఫ్ట్‌వేర్ మొత్తం పోతుంది’ అన్నారంటే అక్కడితో లేచి రావడం మేలు.

ఈ పరీక్షకూ ఒక సందు ఉంది. ట్యాబ్ సంస్థ ఖాతాలోనే ఉండి, ఏ ఎండీఎం సర్వర్‌కూ కేటాయించకపోతే ఈరోజు తెర రాదు. రేపు కేటాయిస్తే, ఆ తర్వాతి రీసెట్‌లో వస్తుంది. కాబట్టి కంపెనీల మాల్ అని తెలిస్తే సీరియల్ నంబర్ రాసిన రిలీజ్ లేఖ అడగాలి. అదే నంబర్ దుకాణం బిల్లు మీదా ఉండాలి. ‘పాత ట్యాబ్ 1’ అని రాసిన చీటీ బిల్లు కాదు.

టెలికాం శాఖ నంబర్ 14422కు ఎస్సెమ్మెస్ చేసి, సిమ్ పరికరాలకుండే ఐఎంఈఐ గుర్తింపు సంఖ్యను సరిచూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. అది సిమ్ పట్టే ట్యాబ్ బ్లాక్ అయ్యిందా, నంబర్ నకిలీదా అన్నది చెబుతుంది, కంపెనీ లాక్ సంగతి దానికి తెలియదు. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌కు ఐఎంఈఐ ఉండనే ఉండదు.

ఇక ‘బైపాస్’. వేయి, రెండు వేలకు చేసిపెడతామనేవాళ్లు చేసేది ఎన్‌రోల్‌మెంట్ తెరను దాటించడమే, సర్వర్‌లో పేరు చెరపడం కాదు. మళ్లీ రీసెట్ చేయగానే కథ మొదటికొస్తుంది. తెలియని టూల్ నడిపిన ట్యాబ్‌లో బ్యాంకు యాప్ పెట్టడం వేరే తలనొప్పి. ఎన్‌రోల్ అయిన స్థితిలోనే కొని వాడుకుందామంటే, అడ్మిన్ అనుకున్న రోజున దూరం నుంచే దాన్ని తుడిచేయగలడు. అయితే అతను మీ ఫొటోలూ మెసేజ్‌లూ చదివేస్తాడన్నది అపోహ.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు తెర మీది సంస్థకే రాయాలి. సీరియల్ నంబర్, బిల్లు ప్రతి, తెర ఫొటో పంపితే, సక్రమంగా అమ్మిన మాల్ అయితే రిలీజ్ చేయడానికి అభ్యంతరం ఉండకూడదు. ఉద్యోగి తిరిగివ్వకుండా అమ్ముకున్నదైతే సంస్థ వెనక్కి అడుగుతుంది, ఇవ్వక తప్పదు. అప్పుడు చూడాల్సింది దుకాణం వైపు. అమ్మే హక్కు తనకుందని అమ్మకందారు హామీ ఇచ్చినట్టేనని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, దానితో తేలకపోతే జిల్లా కమిషన్ ఉన్నాయి. కంపెనీ లాక్ ఉందని చూసి కూడా చవకగా వస్తోందని కొన్నవాళ్లు మాత్రం, అది దొంగ సొత్తని తేలితే, ‘నాకు తెలియదు’ అనడం కష్టం. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ తెలిసి కొన్నవాళ్లతో పాటు, దొంగ సొత్తని నమ్మదగ్గ కారణం ఉండీ కొన్నవాళ్లకూ వర్తిస్తుంది.

సంస్థ రిలీజ్ చేశామని జవాబిచ్చాక ట్యాబ్‌ను మరోసారి పూర్తిగా తుడిచి, హాట్‌స్పాట్ మీదే మొదటి నుంచి సెట్ చేయాలి. ఆ జవాబు ఈమెయిల్‌ను బిల్లుతో పాటు దాచండి, రేపు మీ దగ్గర కొనేవాళ్లు అడుగుతారు.