స్వతంత్ర బ్యాండుకు మూడో పిన్ను

ఇండీ బ్యాండంటే ఎవరి మీదా ఆధారపడని బ్యాండు. ఒడిశాలో బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో దసరా పందిట్లో అలాంటి బ్యాండు స్టేజీ ఎక్కాలంటే కావలసింది కొంచెమే: టెంటుహౌసు జనరేటరు, డీజే దగ్గర అడిగి తెచ్చుకున్న మిక్సరు, కమిటీ సెక్రటరీ గారి దయ. ఈ మూడూ పోగా మిగిలిందంతా స్వతంత్రమే.

ముందు కరెంటు సంగతి. గిటారు ఆంప్లిఫయరు ప్లగ్గుకు మూడు పిన్నులుంటాయి. పందిరి బోర్డుకీ మూడు కన్నాలుంటాయి. మూడో కన్నం వెనక ఎర్తు తీగ ఉండాలన్న నియమం మాత్రం పందిళ్లకు వర్తించదని మనవాళ్ల నమ్మకం. ఆంపు ఒక బోర్డులో, మిక్సరు ఇంకో బోర్డులో పెడితే రెండింటి ఎర్తుకూ పొంతన ఉండదు. అప్పుడు గాయకుడు గిటారు తీగల మీద చెయ్యి వేసి మైకుకు పెదవి ఆనిస్తాడు. ఒళ్లు ఝల్లుమంటుంది. ముందు వరసలోవాళ్లు దాన్ని భావావేశం అనుకుంటారు. విద్య తెలిసినవాడైతే స్టేజీ మీది సామానంతటికీ ఎర్తు సరిగ్గా ఉన్న ఒకే సరఫరా ఇస్తాడు. పాటకు ముందే మల్టీమీటరు ఒక ముల్లు మైకు జాలీకీ, రెండోది గిటారు తీగకూ ఆనించి చూస్తాడు. రీడింగు సున్నా దగ్గరుంటే సరే. పదుల్లో వోల్టులు చూపిస్తే అక్కడ కావలసింది గాయకుడు కాదు, ఎలక్ట్రీషియను.

ఇక ఎర్తు ఉన్నచోట ఇంకో తంటా. అది రెండు దారుల్లో కలిసి చుట్టు తిరిగితే స్పీకర్లలోంచి 50 హెర్ట్జ్ గుంయ్యిమనే మోత మొదలవుతుంది. దీనికి స్థానిక వైద్యం పటకారు పెట్టి మూడో పిన్ను విరిచెయ్యడం. మోత నిజంగానే పోతుంది, అందుకే ఈ వైద్యుడికి అంత పేరు. గిటారుకూ మిక్సరుకూ మధ్య పెట్టే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కినా మోత పోతుంది. మీటకు ఖర్చు లేదు. పటకారుకు ఒక్కోసారి ఒక గాయకుడు ఖర్చవుతాడు.

తర్వాత కూత, అంటే స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి కుయ్యిమనడం. పాడే మైకు సాధారణంగా కార్డియాయిడ్, ముందునుంచి బాగా వింటుంది, వీపు వైపు దాదాపు చెవిటిది. కనుక గాయకుడికి తన పాట వినిపించే మానిటరు స్పీకరు దాని వీపు వైపు ఉండాలి. ఇంత శాస్త్రం పాటించి కూడా గాయకుడు సినిమాలో చూసినట్టు జాలీని గుప్పిట్లో మూస్తే వెనక కన్నాలు మూసుకుపోయి మైకు నాలుగు వైపులా వినడం మొదలుపెడుతుంది. కుయ్యిఁ. ‘బాబూ, ఆ కూత పాటలోదేనా?’ అని ముందు కుర్చీలో పెద్దాయన అడిగితే అవునని చెప్పడమే మర్యాద. కూత రాగానే తగ్గించాల్సింది మానిటరు. కమిటీవారు ఆ సమయంలో తప్పకుండా పెంచమంటారు.

గిటారు తీగలకు బరంపురం దగ్గరి గోపాలపురం సముద్రపు ఉప్పుగాలి ఎలాగూ తుప్పు పట్టిస్తుంది. అందుకని కొత్తవి వెయ్యడం మంచిదే. ముందురోజే వేసి, ఒక్కొక్కటీ చేత్తో లాగి, శ్రుతి చేసి, మళ్లీ లాగాలి. స్టేజీ వెనక అరగంట ముందు వేస్తే రెండో పాటకల్లా శ్రుతి దిగుతుంది. దాన్ని ప్రయోగమని ప్రకటించుకునే సౌలభ్యం ఇండీవారికి ఉంది లెండి.

సౌండ్‌చెక్‌కు అరగంటైనా కావాలి: డ్రమ్సులో కిక్కు, స్నేరు, టామ్‌లు, తర్వాత బేసు, గిటారు, కీబోర్డు, చివర గొంతులు, ఒక్కొక్కటిగా. ఏడున్నర దాకా భజన, ఆ వెంటనే ముఖ్య అతిథి. కాబట్టి సౌండ్‌చెక్ మొదటి పాటలో జరుగుతుంది. యాంకరు ఒడియాలో పరిచయం చేస్తాడు, బ్యాండు తెలుగులో పాడుతుంది, చీటీలు హిందీ పాటల కోసం వస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఈ ఊళ్లు అటు చేరినప్పటి నుంచీ ఇక్కడి మైకుకు మూడు భాషలూ తెలుసు. వాడుక తెలుగు కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది పర్లాకిమిడి నుంచే. ఇప్పుడు అదే ఊళ్లో మనవాళ్లు వాడుక తెలుగులో పాట కడితే, ‘సాహిత్యం మరీ మామూలుగా ఉంది’ అని శాలువాలు కప్పుకున్నవారు పెదవి విరుస్తారు.

శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకరు బందు. పండగలకు పన్నెండు దాకా సడలింపు ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. జ్యోతి ప్రజ్వలన, జ్ఞాపికలు అయ్యేసరికి తొమ్మిదీ ముప్పై ఐదు. నలభై ఐదు నిమిషాల కార్యక్రమం మూడో పాటలో ఉండగా, ‘భాయి, లాస్ట్’ అని వేలు లేస్తుంది. చట్టం మీద అంత భక్తి ఉన్న కమిటీకి పదింటి తర్వాత డీజే ఎక్కినప్పుడు సడలింపు గుర్తొస్తుంది.

స్టేజీ దిగేటప్పుడు పవరు ఆంప్లిఫయర్లు ముందు, మిక్సరు తర్వాత ఆపెయ్యాలి. తిరగేస్తే స్పీకరు కోనుకు దెబ్బ. సౌండు కుర్రాడు ఇది వివరిస్తుండగానే జనరేటరతను డీజిలు ఆదా చేద్దామని అన్నీ ఒకేసారి ఆపేస్తాడు. ధబ్. ఆ రాత్రికల్లా గట్టిగా చప్పట్లు పడేది దానికే.