జవానుకూ ఒక కాలేజీ సీటు

గచ్చిబౌలి, మాధాపూర్ ఐటీ పార్కుల గేట్ల దగ్గర, సికింద్రాబాద్ బ్యాంకుల ముందు డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుల్లో మాజీ సైనికులు చాలామంది ఉంటారు. పదిహేడేళ్లు ట్యాంకు ఇంజిన్లు విప్పి బిగించినవాళ్లు, వైర్‌లెస్ సెట్లు నడిపినవాళ్లు, ముప్పై ఏడు ముప్పై ఎనిమిదేళ్లకే రిటైరై మరో యూనిఫాం తొడుక్కుంటున్నారు. వాళ్లకు అంతకంటే మంచి దారి చూపలేకపోవడం మన వైఫల్యం. ఈ నగరానికి అది మరీ చిన్నతనం. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో సైన్యం యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, ఆయుధాలు సరఫరా చేసే ఏఓసీ విభాగాల సెంటర్లు, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పెట్టుకున్న ఊరు ఇది.

సైనిక కుటుంబాల చదువు కోసం పథకాలు లేవా అంటే ఉన్నాయి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద ఏటా 5,500 మందికి సాయం అందుతోంది. అబ్బాయిలకు నెలకు రూ.2,500, అమ్మాయిలకు రూ.3,000. ఎప్‌సెట్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉంది. మంచివే, ఇంకా పెంచాలి కూడా. కానీ స్కాలర్‌షిప్ వెళ్లేది పిల్లలకు, భర్తను కోల్పోయిన భార్యలకు. కోటా కూడా పిల్లలదే. మరి తుపాకీ పట్టిన మనిషి చదువుకోవాలంటే? మాజీ సైనికుల పునరావాసం చూసే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ నడిపే కొద్ది నెలల కోర్సులు తప్ప పెద్దగా ఏమీ లేదు. అధికారులైతే పేరున్న మేనేజ్‌మెంట్ సంస్థల్లో కోర్సు చేయొచ్చు, ఫీజులో 60 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. జవాన్లకు ఉచితంగా ఇచ్చేవి ఎక్కువగా చిన్న చిన్న వృత్తి శిక్షణలు. రెగ్యులర్ కాలేజీలో మూడు నాలుగేళ్లు చదువుకో, ఫీజు మేం కడతాం, ఇల్లు గడవడానికి నెలనెలా ఇంత ఇస్తాం అని అతనితో చెప్పే పథకం మన దేశంలో లేదు.

అమెరికా ఆ మాట 1944లోనే చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, ఆ జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మాజీ సైనికుల కోసం తెచ్చిన జీఐ బిల్లు మీద సంతకం పెట్టారు. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, దానిపైన నెలవారీ భృతి. అప్పట్లో పెద్ద పెద్ద యూనివర్సిటీల పెద్దలే దీన్ని వ్యతిరేకించారు. చదువు స్థాయి పడిపోతుందని హార్వర్డ్ అధ్యక్షుడు కోనంట్ భయపడ్డారు. కొన్నేళ్లు తిరగకుండానే, హార్వర్డ్ చూసిన అత్యుత్తమ విద్యార్థులు వీళ్లేనని ఆయనే మెచ్చుకున్నారు. 1947 నాటికి అక్కడి కాలేజీల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. మొత్తం 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు, 50 లక్షల మందికి పైగా వృత్తి శిక్షణ పొందారు. నల్లజాతి సైనికులకు, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో, ఈ ఫలం సరిగా దక్కలేదు. మనం తెచ్చే పథకంలో ఊళ్ల నుంచి వచ్చిన పేద జవాను వెనకబడకుండా మొదటే చూసుకోవాలి.

పెన్షన్ ఇస్తున్నాం, ఉద్యోగాల్లో కోటా ఇస్తున్నాం, ఇంకేం కావాలి అనేవాళ్లున్నారు. కేంద్ర ఉద్యోగాల్లో గ్రూప్ సీలో 10 శాతం, గ్రూప్ డీలో 20 శాతం అని కాగితం మీద ఉన్న మాట నిజమే. భర్తీ అవుతున్నది మాత్రం అందులో చిన్న వంతే. పైగా ఆ పెన్షన్ వాదన నాలుగేళ్ల సర్వీసుకే సైన్యంలో చేరే అగ్నివీరుల దగ్గర అసలే నిలబడదు.

2022 జూన్‌లో వీళ్లను చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించగానే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడి ప్రాణం పోయింది. ఆ కోపాన్ని మనం త్వరగానే మర్చిపోయాం. 2022 చివర, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. పర్మనెంట్ చేసేది గరిష్ఠంగా 25 శాతం మందినే అన్నది అసలు నిబంధన. మిగిలినవాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. చేతికొచ్చే సేవానిధి రూ.11.71 లక్షలు. అందులో దాదాపు సగం వాళ్ల జీతంలోంచి నెలనెలా కోసుకున్నదే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు ఆ డబ్బును చెల్లెలి పెళ్లికి పెడతాడా, నాన్న అప్పు తీరుస్తాడా, తన ఫీజు కడతాడా? మన ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు జవాబు చెప్పక్కర్లేదు. ఇగ్నోతో ఒప్పందం చేసుకుని సర్వీసు శిక్షణకే డిగ్రీలో సగం క్రెడిట్లు ఇస్తున్నారు. మంచి ఏర్పాటే. అయితే దూరవిద్య పట్టా ఒకటి, కాలేజీలో ల్యాబ్, లెక్చరర్, తోటివాళ్లు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ దొరకడం మరొకటి.

అసలు చిక్కు సైన్యానికి మించినది. చదువంటే పదిహేడుకు మొదలై ఇరవై రెండుకు ముగిసేదని మనం గట్టిగా నమ్మేశాం. ఇంటర్, ఎప్‌సెట్, బీటెక్, ఉద్యోగం. ఈ వరసలోంచి ఒక్కసారి జారితే మళ్లీ ఎక్కే మెట్టు లేదు. పదో తరగతితో ఆగిపోయిన గృహిణి, ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ కార్మికుడు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కరీంనగర్ మేస్త్రీ, అందరిదీ జవాను గతే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది ఈ హైదరాబాద్‌లోనే. ఇప్పుడది అంబేడ్కర్ యూనివర్సిటీ. ముందు చదువు లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్న ఆలోచనను దేశానికి చూపించాం. నలభై ఏళ్లు దాటినా ఆ ఆలోచనను ఉస్మానియా క్యాంపస్‌లోకి తీసుకెళ్లలేకపోయాం.

ఢిల్లీ కదిలేదాకా ఆగక్కర్లేదు. ఉస్మానియా, జేఎన్‌టీయూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలే. ఒక్కో కోర్సులో కొన్ని అదనపు సీట్లు మాజీ సైనికులకు, అగ్నివీరులకు ఇవ్వాలి. పాలిటెక్నిక్ పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నప్పుడు, ట్యాంకులు బాగుచేసిన హవల్దార్‌కూ ఒక పరీక్ష పెట్టి మెకానికల్‌లో చేర్చుకోవడానికి అడ్డేమిటి? లెక్కల్లో వెనకబడితే ముందు ఆరు నెలలు చెప్పండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వయసుతో నిమిత్తం లేకుండా ఇవ్వండి, హాస్టల్ బదులు ఇంటి అద్దెకు సరిపడా భృతి ఇవ్వండి. తొలి బ్యాచ్ అగ్నివీరులు ఇంటికి వచ్చాక దగ్గర్లో పడే అడ్మిషన్లు 2027 జూన్, జూలైలో. ఆ నోటిఫికేషన్‌లో వాళ్లకు సీట్లు కనబడాలంటే జీవో ఇప్పుడే రావాలి.