కండిషన్ క్లాస్ గారికి, కడప నుంచి

అయ్యా కండిషన్ క్లాస్ గారూ,

కడపలో సిమెంటు బిల్లులు కొట్టుకునే మనిషిని. మా బిల్లింగు సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో ధరకు సంబంధించిన ప్రతి లైనుకూ ఒక కండిషన్ టైప్ ఉంటుందనీ, అది ఏ జాతిదో తేల్చేది తమరేననీ ట్రైనింగులో చెప్పినారు. బీ అంటే ధర, డీ అంటే పన్ను, సీ అంటే ఖర్చుల రీయింబర్స్‌మెంట్ (దాని మొహం మా బిల్లుల్లో చూసిన పాపాన పోలేదు), ఏ అంటే డిస్కౌంట్ లేదా సర్‌చార్జ్. తగ్గించేదాన్నీ పెంచేదాన్నీ ఒకే గదిలో పెట్టాలని ఎట్లా తోచింది సామీ? లారీ బాడుగ కేఎఫ్00 కూడా ఏ క్లాసేనంట. ఈ మాట డ్రైవరన్న చెవిన పడితే బండి గేటు దాటదు.

దీనికి తోడు పక్కనే ఉండే, లెక్క ఎట్లా కట్టాలో చెప్పే క్యాలిక్యులేషన్ టైప్ గారికి కూడా ఏబీసీడీలే దొరికినాయి. అక్కడ ఏ అంటే శాతం, బీ అంటే ఒకే మొత్తం, సీ అంటే పరిమాణం, డీ అంటే స్థూల బరువు. బస్తాకు ఐదు రూపాయలు తగ్గిస్తే క్లాసు ఏ, లెక్క సీ. రెండు శాతం తగ్గిస్తే క్లాసూ ఏ, లెక్కా ఏ. కొత్తగా చేరిన పిల్లోడు "డీ పెట్టమంటారా సార్" అంటే, పన్నా బరువా అని అడగాల్సి వస్తోంది.

పన్ను మటుకు బుద్ధిమంతురాలు. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగితే కొత్త తేదీతో కొత్త రికార్డు వేసినాం, అయిపోయింది. లోడు మన రాష్ట్రంలోనే ప్రొద్దుటూరుకు పోతే సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. కర్ణాటకలో బళ్ళారికి పోతే ఐజీఎస్టీ 18. బేరం లేదు. ధర రికార్డే తమాషా: ముగింపు తేదీ ఇవ్వకపోతే తనంతట తానే 31-12-9999 వేసుకుంటుంది, ఇక్కడ సిమెంటు రేటు నెలాఖరు దాకా నిలిస్తే గొప్ప.

అసలు బాధ డీలర్లతో. "ఏందన్నా, ఎప్పట్నుంచో తీసుకుంటాండాం, ఈ లోడుకు ఏదో ఒకటి చూడు" అంటారు. ఆ "ఏదో ఒకటి" ఏ క్లాసు? చిన్నాయన చేత మేనేజరుకు ఫోన్ చేయిస్తే పడే తగ్గింపు, పోయినసారి నాలుగు బస్తాలు గడ్డకట్టినాయని అడిగే తగ్గింపు, పెళ్లికి రాలేదని అలిగితే ఇచ్చే తగ్గింపు, అన్నీ కస్టమర్ డిస్కౌంటు కే007లో కుక్కుతున్నా. ఆడిటర్ వచ్చి ఎందుకిచ్చినారు అంటే పెళ్లి శుభలేఖ చూపించాలా?

స్టాటిస్టికల్ అనే టిక్కు మటుకు బ్రహ్మాండం. అది పెట్టిన లైను తెర మీద కనిపిస్తుంది గానీ మొత్తంలో కలవదు. మా మేనేజరు డీలర్లకిచ్చే హామీలకు కొలత తీసి కుట్టినట్టుంది.

కాబట్టి మొహమాటానికి ఒక క్లాసు ఇప్పించండి. ఏబీసీడీలు కాకుంటే ఏ అక్షరమైనా ఫర్వాలేదు. శాతం వద్దు, బస్తాకూ వద్దు, ఫోన్ చేసింది ఎవరనేదాన్ని బట్టి లెక్క పడేట్టు చూడండి. అది వచ్చేదాకా బళ్ళారి డీలరు ఫోన్ ఎత్తేది లేదు.

ఇట్లు,
బిల్లింగు గుమాస్తా