సవరణ: నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు వెళ్లదు

వాడిన స్పోర్ట్స్ కారుకు ధర కట్టేటప్పుడు, బీమాపై పేరుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ) కొనేవారికే దక్కుతుంది కనుక ఆ మేరకు ఎక్కువ అడగవచ్చని గత వారం రాశాను. అది నా పొరపాటు. మోటారు బీమా నిబంధనల ప్రకారం ఆ రాయితీ కారుది కాదు, యజమానిది. పాలసీ కొనేవారి పేరుకు మారినప్పుడు మిగిలిన కాలానికి ఆ రాయితీ మొత్తాన్ని కొత్త యజమానే చెల్లించాలి. అమ్మినవారు బీమా సంస్థ నుంచి ఆ బోనస్‌కు ధ్రువపత్రం తీసుకుని 3 ఏళ్లలోపు మరో కారుకు వాడుకోవచ్చు. స్పోర్ట్స్ కార్లకు సొంత నష్టం ప్రీమియం (మన కారుకు జరిగే నష్టానికి కట్టేది; ఈ రాయితీ దీనిపైనే) బాగా ఎక్కువ గనుక, ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయానికి యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలతో వెళ్లకముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. డిసెంబరు ముగిసేలోపు అమ్మమని అప్పుడు ఇచ్చిన సలహా మాత్రం అలాగే ఉంటుంది: జనవరి రాగానే, ఆర్సీలోని తయారీ సంవత్సరం చూసి, కొనేవారు కారును మరో ఏడాది పాతదిగా లెక్కిస్తారు.